వదిన పెట్టని సంతకం

ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు పెద్దలు. అలాంటి ఆడపడుచు నోట వదిన గొప్పలు వినాల్సి రావడం ఎంత అరుదో మీరే ఆలోచించుకోండి. మా ఇద్దరికీ ఇప్పటికీ పూటకో పేచీ ఉంటుంది. వంటగది గట్టు మీద కత్తెర పెట్టానని ఆవిడ, నా టేపు పట్టుకుపోయి ఎవరి గోడలో కొలిచిందని నేను. అయినా ఆవిడ గురించి నేనే రాస్తున్నాను, ఎందుకంటే ఊళ్లో ఇంకెవరూ రాసేలా లేరు.

మా అన్నయ్య ఏసీలు, కూలర్లు బాగుచేస్తాడు. నేను ఇంటి ముందుగదిలో కర్టెన్లు కుడతాను. అంటే ఇద్దరం ఎండ పుణ్యమా అని బతికేవాళ్లం. అమ్మ మోకాళ్ల నొప్పులతో మంచం దిగకుండానే మా ఇద్దరి పనిలోనూ వంకలు పెడుతుంది. నేను చెప్పబోయే రోజుల్లో వదిన పురపాలక కార్యాలయంలో భవనాల ఇన్‌స్పెక్టరు. ఆవిడకు జీతం ఇచ్చేది ఆ ఎండను ఇళ్లలోకి రానివ్వకుండా చూడటానికి. "నా వ్యాపారానికి గొయ్యి తవ్వే మనిషిని నేనే ఏరికోరి చేసుకున్నాను" అని అన్నయ్య వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వుతాడు. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంటుంది, దాచుకోవడం ఆయనకు చేతకాదు.

కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్లు ఒకదాని వెనక ఒకటి కాలిపోయాయి. ఇళ్లన్నీ పొయ్యిల్లా కట్టుకుని, వాటిని చల్లబరచడానికి అందరూ ఒకేసారి ఏసీలు వేస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం తట్టుకుంటుంది? ఆసుపత్రిలో బాలింతలు చీకట్లో చెమటలు కక్కుతూ పడుకున్నారు. ఊరు గగ్గోలు పెట్టింది. అప్పుడు కౌన్సిల్ కొత్త నిబంధనలు తెచ్చింది. పైకప్పు వేడి పట్టకూడదు, పడమటి కిటికీలకు బయట నీడ ఉండాలి, గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోవాలి, గోడలో అద్దం ఇంతకు మించి ఉండకూడదు. కట్టడం పూర్తయ్యాక ఫ్యాను, ఏసీ ఆపేసి, మధ్యాహ్నం అన్నిటికన్నా వేడెక్కే గదిలో పరీక్ష చేయాలి. బయట నీడలో ఉన్న వేడి కంటే లోపల వేడి ఎక్కువైతే, అందులో ఉండటానికి సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

సభ్యులంతా దీనికి చేతులెత్తారు. భోజనాల వేళ కావడంతో ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది. వదినను పిలిచి "ఇదంతా మీరు చూసుకోండమ్మా" అన్నారు. వాళ్లు చేసిన పొరపాటు అదే. ఆవిడకు ఏదైనా పని అప్పజెబితే నిజంగానే చేసేస్తుందని వాళ్లకు తెలియదు.

మొదట్లో వదిన గదిలో థర్మామీటర్ వేలాడదీసి, కిందకి వచ్చి కూర్చునేది. ఒకసారి ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తులో వేడి విచిత్రంగా తక్కువ చూపించింది. ఎండాకాలం మధ్యలో కొండ మీది వాతావరణం. ఆవిడ గది అంతా తిరిగి, ఓ మూల కొంచెం రంపపు పొట్టు చూసింది. ఐసు దిమ్మలు కరగకుండా చల్లే పొట్టు అది. మేస్త్రీలు పొద్దున్నుంచీ గదినిండా ఐసు పేర్చి, ఆవిడ బండి వీధి మలుపు తిరిగే ముందు ఎత్తేశారన్నమాట. నేల తుడిచారు గానీ మూల తుడవలేదు. ఆ రోజు నుంచి వదిన ఓ మడత కుర్చీ పట్టుకుపోయి, ఆ గదిలోనే, ఆ వేడిలోనే థర్మామీటర్ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఊరు ఆవిడకు కుర్చీ మేడమ్ అని పేరు పెట్టింది. "మేమంతా కుర్చీ దొరికితే చల్లగా కూర్చోవాలనుకుంటాం, ఈవిడేంటి కుర్చీ మోసుకెళ్లి మరీ ఉడికిపోతుంది" అని ఆఫీసులో వాళ్లు ముసిముసిగా నవ్వేవారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి.

వదిన ఆపేసిన ఇళ్లవాళ్లలో అందరికన్నా గట్టిగా గొడవ చేసింది మా వీధి చివరి కండక్టర్ బాబాయ్. జీవితమంతా బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. కొడుక్కి పెళ్లయిందని మేడ మీద రేకుల గది వేశాడు. వదిన అందులో కూర్చుంది. కిందకి దిగేసరికి జుట్టంతా చెమటకు అంటుకుపోయి ఉంది. "ఇందులో మనుషుల్ని పడుకోబెట్టకూడదు బాబాయ్ గారూ, రేకులు తీసేయండి" అంది. ఆయన రేకులు పీకించి, పెంకులు వేయించి, వాటి కింద చెక్కతో ఇంకో కప్పు కట్టించి, పడమటి కిటికీకి బయట నీడపలక పోయించేసరికి వేసవి కాస్తా గడిచిపోయింది. అన్నాళ్లూ కొడుకూ కోడలూ హాల్లో చాప మీదే పడుకున్నారు.

"కొత్త జంటను హాల్లో పడుకోబెట్టిన పాపం మీ వదినదే" అని ఆయన నా దుకాణం ముందు నిలబడి, వెనక సీటు దాకా వినపడేలా అరిచేవాడు.

"ఇప్పుడు పైన గది చల్లగా ఉందా లేదా బాబాయ్?" అని నేనడిగితే, "చల్లగా ఉంటే మాత్రం? అది వేరే సంగతి" అనేవాడు.

వదిన లోపలి నుంచి అన్నీ వినేది. ఆయన ఇంటి ముందు నుంచి వెళ్లడం మానేసి, చుట్టూ తిరిగి వెనక వీధిలోంచి బస్‌స్టాప్‌కి వెళ్లేది. అది నేను గమనించాను.

ఇలా ఉండగా కౌన్సిల్ తన కోసం కొత్త కార్యాలయం కట్టుకుంది. ఛైర్మన్ ఏదో పెద్ద నగరంలో అద్దాల మేడ చూసొచ్చి, అచ్చం అలాంటిదే కావాలన్నాడు. పడమటి గోడ కింది నుంచి పై దాకా అద్దమే. అధికారుల గదులు తూర్పున, ఉత్తరాన, ఏసీలతో. ఆ అద్దం వెనక ఉన్నది జనం కూర్చునే హాలు. నీటి పన్ను కట్టేవాళ్లు, పుట్టిన సర్టిఫికెట్ కోసం పసిపిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్లు, పింఛను ముసలివాళ్లు గంటల తరబడి కాచుకుని ఉండే చోటు. ప్లాను చూసిన రోజే వదిన అభ్యంతరం రాసిచ్చింది. పెద్ద ఇంజనీరు దాన్ని పక్కన పెట్టేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు, రిటైరయ్యే లోపు ఎవరితోనూ మాట పడకూడదనుకునే రకం.

భవనం పూర్తయింది. ప్రారంభోత్సవానికి రోజు ఖాయం చేశారు. వదిన తన కుర్చీతో వెళ్లి పడమటి హాల్లో కూర్చుంది. థర్మామీటర్ ఎక్కడా ఆగలేదు.

"సర్టిఫికెట్ ఇవ్వలేను సార్" అంది.

"మన భవనాన్ని మనమే ఆపుకుంటామా అమ్మా?" అన్నాడు పెద్ద ఇంజనీరు.

"మనదయితే మనకింకా తొందరగా తెలియాలి కదా సార్."

ఆయన తల పట్టుకున్నాడు. అద్దాలకు లోపల దళసరి కర్టెన్లు వేస్తే సరిపోతుందని ఛైర్మన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ ఆర్డరు ఎవరికి వచ్చిందంటారా? నాకే. నా దుకాణం చరిత్రలో అంత పెద్ద ఆర్డరు లేదు. ఆ రోజు భోజనాల దగ్గర గొప్పగా చెప్పాను. వదిన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"కర్టెన్ దగ్గరికి వచ్చేసరికి ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసినట్టే కదా. దొంగ ఇంట్లో దూరాక తలుపు గడియ పెట్టినట్టుంటుంది."

"అంటే కుట్టొద్దంటావా?"

"కుట్టుకో. నీ పని నీది. అవి కట్టాక నేను మళ్లీ కొలుస్తాను, నా పని నాది."

నాకు ఒళ్లు మండింది. పట్టుదల కొద్దీ రెండు పొరలు వేసి, అడుగున బరువుకి సీసపు గుండ్లు పెట్టి మరీ కుట్టాను. ఇంత అందమైన కర్టెన్లు ఊళ్లో ఎవరూ చూసి ఉండరు, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. అవి కట్టిన మర్నాడు వదిన వెళ్లి కూర్చుంది. వేడి కాస్త తగ్గింది, అంతే. హాలు ఇంకా ఉడికిపోతూనే ఉంది. దానికి తోడు ఇప్పుడు చీకటి కూడా.

అప్పటికి సంగతి ఛైర్మన్ దాకా వెళ్లింది. ఆయన వదినను పిలిచి మర్యాదగానే మాట్లాడాడు. ఒక్క సంతకం. పెడితే సరే. లేకపోతే ఊరి బయట పంపుహౌసులో మోటార్లు నడిచిన వేళలు చూసుకునే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. పంపుహౌసుకు రెండు బస్సులు మారాలి. వదిన మధ్యాహ్నం ఇంటికొచ్చి అమ్మకు మందు ఇచ్చి, మోకాళ్లకు నూనె రాసి, నడిపించి వెళ్లేది. అన్నయ్య ఎవరింట్లో ఏసీ ముందు కూర్చుని ఉంటాడో చెప్పలేం, నాకు మిషను ముందు నుంచి లేవడం కుదరదు. కాబట్టి ఆ బదిలీ మా ఇల్లంతటికీ పడే శిక్ష.

"పెట్టేయ్ వదినా" అన్నాను నేను. "ఊళ్లో ఇన్ని ఇళ్లు సరిచేశావు. ఈ ఒక్కటి వదిలేస్తే ఏమైంది?"

"ఈ ఒక్కటి వదిలేస్తే మిగతావన్నీ పోతాయి. రేపు ఎవరింటికెళ్లి రేకులు తీయమన్నా, ముందు మీ ఆఫీసు అద్దాలు తీయండి అంటారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ కండక్టర్ బాబాయ్ కొడుకూ కోడలూ చాప మీద పడుకున్నారు కదా. వాళ్లను ఎందుకు పడుకోబెట్టినట్టు?"

మంచం మీది నుంచి అమ్మ అందుకుంది.

"నా మోకాళ్లు అడ్డం పెట్టుకుని ఎవరూ సంతకాలు పెట్టక్కర్లేదు. మందు మింగడం నాకు చేతకాదా? నూనె రాసుకోవడానికి చేతులు లేవా? పోవే అమ్మాయ్, పంపుహౌసు చల్లగా ఉంటుంది కూడాను."

వదిన సంతకం పెట్టలేదు. ఆ వారంలోనే బదిలీ కాగితం వచ్చింది. ఆవిడ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని, ఎవరినీ తిట్టకుండా బస్సెక్కింది. నేను మాత్రం అందరి తరఫునా తిట్టాను, మిషను చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

వదిన కుర్చీలోకి ఒక కుర్ర ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వస్తూనే ప్రారంభోత్సవానికి ముందు సర్టిఫికెట్ ఇమ్మని అతని మెడ మీద కూర్చున్నారు. ఊరికి ఇవన్నీ సగం సగం తెలిశాయి. కండక్టర్ బాబాయ్ నా దుకాణం ముందుకొచ్చి గొంతు పెంచాడు.

"మీ వదిన చివరికి సంతకం పెట్టేసిందటగా? కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి? మాకో రూలు, వాళ్లకో రూలా?"

"ఎవరు చెప్పారు నీకు బాబాయ్? పెట్టలేదు. పెట్టనందుకే పంపుహౌసుకి పంపారు. అమ్మను చూసుకునేవాళ్లు లేక మేం చస్తున్నాం. అరవాలంటే అక్కడికెళ్లి అరుచుకో, మా ఇంటి ముందు కాదు" అన్నాను. నా కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు అంతకన్నా పైకి వెళ్లింది.

ఆయన గొంతు తగ్గింది. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు. చెప్పుల వైపు చూసుకుంటూ "అలాగా" అని వెళ్లిపోయాడు.

కుర్ర ఇన్‌స్పెక్టరు పరీక్ష చేసే రోజు ఒక కర్టెన్ రాడ్ ఊడిందంటే నేను నిచ్చెన పట్టుకుని ఆ హాలుకి వెళ్లాను. అందుకే కళ్లారా చూడగలిగాను. మధ్యాహ్నం ఎండ అద్దం మీదికి రాగానే కండక్టర్ బాబాయ్ లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆయన వెనక బేకరీ ఆయన వచ్చాడు, వదిన మాట మీద పొగగొట్టం పక్క గోడ రెండు వరసలు కట్టుకున్నాయన. క్లినిక్ డాక్టరమ్మ వచ్చింది, ముందున్న అద్దం తీయించి కిటికీలు పెట్టుకున్నావిడ. ఇంకా ఎవరెవరో. వదినను తిట్టని వాళ్లు అందులో ఒక్కరూ లేరు. వాళ్లు ప్రకృతిని కాపాడటానికి వచ్చారని నేను అనను. మేం అంత తంటాలు పడితే వీళ్లు ఊరికే ఎలా తప్పించుకుంటారన్న కడుపుమంటే వాళ్లను తీసుకొచ్చింది. కడుపుమంట మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ఇంతమంది వచ్చారని తెలిసి ఛైర్మన్ కిందకి దిగాడు. కండక్టర్ బాబాయ్ చేతులు కట్టుకుని లేచాడు.

"సార్, నేను బస్సులో పనిచేశాను. డిపో మేనేజరు గారి భార్య ఎక్కినా టికెట్ కొట్టాను. ఆవిడ తీసుకుంది కాబట్టే వెనక సీట్లో వాళ్లు నోరెత్తకుండా తీసుకున్నారు. మీరు కూడా కాసేపు కూర్చోండి సార్. హాలు బాగుందనిపిస్తే మేమే చప్పట్లు కొట్టి వెళ్లిపోతాం."

ఛైర్మన్ చుట్టూ చూశాడు. అంతమంది మొహాల్లో ఆయనకు వచ్చే ఎన్నికలు కనిపించాయేమో, కూర్చున్నాడు. నేను నిచ్చెన మీదే ఉన్నాను. పైన ఇంకా వేడి, నా మెడ మీంచి చెమట ధారగా కారుతోంది. ఛైర్మన్ మొదట నవ్వుతూ కబుర్లు చెప్పాడు. తర్వాత కాలరు వదులు చేసుకున్నాడు. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి. కుర్ర ఇన్‌స్పెక్టరు థర్మామీటర్ వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి ఛైర్మన్ తనే లేచి, జేబురుమాలు పిండుకుంటూ పెద్ద ఇంజనీరుతో అన్నాడు.

"అద్దాలకు బయట ఏదన్నా కట్టించండయ్యా. ప్రారంభోత్సవం సంగతి తర్వాత చూద్దాం."

ఆ సాయంత్రం వదిన బస్సు దిగి రాగానే వీధిలోనే మొత్తం చెప్పాను. ఆవిడ మొట్టమొదట అడిగింది థర్మామీటర్ ఎంత చూపించిందని. ఆ తర్వాత ఎవరెవరు వచ్చారని అడిగింది. చెప్పాను.

"కండక్టర్ బాబాయ్ వచ్చాడా? ఆయనా?"

"ఆయనే అందరినీ పోగుచేసింది."

ఆవిడ టిఫిన్ డబ్బా నా చేతికిచ్చి గోడ వైపు తిరిగింది. ఇన్నేళ్లలో మా వదిన ఏడవడం నేను చూసింది అప్పుడే. ఎలా ఓదార్చాలో తెలియక డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

అద్దాలు సగం తీసి గోడ కట్టారు. మిగిలిన వాటికి బయట పొడుగునా, ఎండ పడకుండా ఏటవాలుగా చెక్క పలకలు బిగించారు. సర్టిఫికెట్ మీద కుర్ర ఇన్‌స్పెక్టరు సంతకం ఉంది. ప్రారంభోత్సవంలో ఛైర్మన్ నిబంధనల గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడాడు, వదిన ఊసు ఎత్తలేదు. ఆవిడను వెనక్కి తీసుకురానూ లేదు. పని అడిగితే నిజంగా చేసేసే మనిషి దగ్గర్లో ఉండటం ఎవరికి మాత్రం సుఖం? ఆవిడ ఇప్పటికీ రెండు బస్సులు మారుతూనే ఉంది. కుర్ర ఇన్‌స్పెక్టరు అనుమానం వచ్చినప్పుడల్లా పంపుహౌసుకి ఫోన్ చేస్తాడు. ఇది అన్యాయమని నేను ఎన్నిసార్లు అన్నా, "నిబంధన ఉంది కదా, చాలు" అంటుంది. ఆవిడకు చాలు గానీ నాకు చాలదు.

మొన్న ఎండలు ముదిరాక, అమ్మ పింఛను పనిమీద ముగ్గురం ఆ హాలుకి వెళ్లాం. పింఛను తీసుకునేవాళ్లు బతికే ఉన్నారని ఏటా ఒకసారి వెళ్లి చూపించుకోవాలి. మధ్యాహ్నం. హాలు నిండా జనం. నంబరు చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. పంకా గాలి కూడా పెద్దగా అక్కర్లేకుండా ఉంది. ఎదురుగా ఒకావిడ పసిబిడ్డను ఒళ్లో వేసుకుని జోకొడుతోంది.

మా పక్కన కూర్చున్న పెద్దాయన విసుక్కున్నాడు. "ఈ చెక్కలన్నీ ఎవడి బుర్రలో పుట్టాయో గానీ, పేపరు చదువుకుందామంటే వెలుతురు లేదు."

నేను నోరు తెరిచాను. ఎవరి బుర్రో, ఆ బుర్ర ఇప్పుడెక్కడ ఉందో, దాని కోసం మా ఇల్లు ఏం వదులుకుందో అంతా కడిగేద్దామని. వదిన నా మోచేయి గట్టిగా గిల్లి, ఆయన వైపు తిరిగింది.

"నిజమేనండీ. పలకలకు లోపలి వైపు తెల్లరంగు వేస్తే వెలుతురు పెరుగుతుంది. చెప్పి చూస్తాను."

"మీరెవరమ్మా చెప్పడానికి?"

"పంపుహౌసులో పనిచేస్తానండీ."

"పంపుహౌసువాళ్ల మాట ఇక్కడెవరు వింటారు?" అని ఆయన పేపరు మడిచి పెట్టేశాడు. వదిన నవ్వింది.

కౌంటర్లోంచి మా నంబరు పిలిచారు. చూస్తే అమ్మ వదిన భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఇంట్లో మంచం మీద కూడా మధ్యాహ్నం కునుకు పట్టని మనిషి, నోరు కొద్దిగా తెరుచుకుని, ఆదమరిచి నిద్రపోతోంది. లేపబోయాను. వదిన తల అడ్డంగా ఊపింది.

"పడుకోనీ. వరస పోతే పోయింది."

మళ్లీ పిలిచారు. ఆవిడ కదల్లేదు. నేను ఏ పేచీ పెట్టకుండా లేచి, కొత్త చీటీ కోసం వరస చివర నిలబడ్డాను.